జో–వో పట్టిక ఎక్కడ దారి తప్పింది: ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఒక పీహెచ్‌డీ విద్యార్థిది. అతనికి గైడ్‌ని నేను కాదు. థీసిస్ ఇవ్వడానికి ఇంకో ఏడాది ఉందనగా, డేటా ఒకసారి చూసిపెట్టమని నా దగ్గరికి పంపారు. అతని అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, యూనివర్సిటీ, మాట్లాడినవాళ్ళ వివరాలు తీసేశాను. భాషల ఉదాహరణల జోలికి మాత్రం పోలేదు, అవి మారిస్తే ఇక కేసే ఉండదు.

నేపథ్యం

అతని పని నాలుగు ఇండో-ఆర్యన్ భాషల్ని పక్కపక్కన పెట్టి చూడటం: హిందీ, మరాఠీ, బెంగాలీ, హైదరాబాద్ దక్కనీ. నామవాచకం చుట్టూ విశేషణాలు, అంకెలు, ఉపవాక్యాలు ఎలా చేరతాయో పోల్చాలి. అసలు గురి సంబంధ ఉపవాక్యాల మీద, అంటే 'ఏ పుస్తకం?' అంటే 'నువ్వు ఇచ్చిన' అని తేల్చి చెప్పే ముక్కల మీద.

మనం 'నువ్వు ఇచ్చిన పుస్తకం బాగుంది' అంటాం. క్రియకి ఒక 'ఇన' తగిలించి నామవాచకం ముందు పెట్టేస్తే పనైపోయింది. హిందీ పుస్తకం చెప్పే పద్ధతి వేరు: 'జో కితాబ్ తుమ్‌నే దీ, వో అచ్ఛీ హై'. ముందు ఒక 'జో', తర్వాత దాన్ని అందుకునే 'వో'. సంస్కృతంలోని 'యః… సః' జంటకి ఇది వారసత్వం. యకారం జకారమైంది, హిందీలో పాత 'సో' చోట 'వో' వచ్చి కూర్చుంది. మరాఠీలో జో–తో, గుజరాతీలో జే–తే, బెంగాలీలో జే–షే. అక్కచెల్లెళ్ళందరికీ అమ్మమ్మ ఇచ్చిన నగ ఒక్కటే.

మనకీ జంట వాక్యాలు లేకపోలేదు. 'ఎవరికి ఏది కావాలో అది పట్టుకెళ్ళండి' అన్నప్పుడు చేసేది అదే పని, కాకపోతే జో బదులు ప్రశ్నార్థకం, చివర ఓకారం. ద్రావిడ భాషల్లో ఇలాంటి వాక్యం లేనే లేదని ఇప్పటికీ కొందరు పరీక్షల్లో రాస్తున్నారు. వాళ్ళ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు కాబోలు.

వచ్చిన సమస్య

అతను తెచ్చిన పట్టిక చూడ్డానికి ముచ్చటగా ఉంది. అడ్డంగా నాలుగు భాషలు, నిలువుగా పన్నెండు లక్షణాలు. సంబంధ ఉపవాక్యాల దగ్గర నాలుగు గడుల్లోనూ ఒకటే మాట: జంట వాక్యం ఉంది, ఉంది, ఉంది, ఉంది. కింద తేల్చిందేమిటంటే, ఈ నాలుగు భాషలూ వాక్యం కట్టడంలో దాదాపు ఒకటే, తేడా అంతా మాటల్లోనే అని.

నన్ను ఆపింది దక్కనీ గడి. హైదరాబాద్ బస్టాపులో పది నిమిషాలు నిలబడ్డ ఎవరికైనా 'కల్ ఆయే సో లోగాఁ', 'తుమ్ బోలే సో బాత్' లాంటివి చెవిన పడతాయి. నిన్న వచ్చిన జనం, నువ్వు చెప్పిన మాట. అతని దక్కనీ వాక్యాలన్నీ వెతికాను. ఒక్క 'సో' లేదు.

దీనికి మూడు కారణాలు ఉండొచ్చనుకున్నాను. అతనితో మాట్లాడినవాళ్ళు నిజంగానే అలా అనకపోవచ్చు. వాళ్ళు అన్నా అతని చెవి పట్టుకోకపోవచ్చు. లేదా అడిగిన తీరే ఆ వాక్యాన్ని నోట్లోనే ఆపేసి ఉండొచ్చు. మొదటి రెండూ తేల్చడం తేలిక: పట్టికని పక్కన పెట్టి రికార్డింగులే వినాలి. ప్రశ్నల భాగం కాదు, ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య ఉన్న భాగం.

అతను కొంచెం నసిగాడు. "అది అనవసరం సార్, టీ ఇవ్వడం, పిల్లల్ని కేకలెయ్యడం, అంతే."

ఆ అనవసరమైన దాంట్లోనే దొరికింది. ఒక పెద్దావిడ, హిందీలో చదివిన ప్రతి వాక్యానికీ బడిపిల్లలా జో–వో అప్పజెప్పిన మనిషి, మధ్యలో ప్లేటు ముందుకు జరుపుతూ అంటోంది: "అభీ లాయే సో బిస్కుట్ ఖావో బేటా." ఇప్పుడు తెచ్చిన బిస్కెట్లు తిను నాయనా. అతను బిస్కెట్ తిన్నాడు, వాక్యం కత్తిరించాడు.

అయితే కారణం మూడోది. ప్రశ్నావళిలో అరవై వాక్యాలు, అరవైకి అరవై హిందీలో. 'జో లడ్కా వహాఁ ఖడా హై, వో మేరా భాయీ హై, ఇది మీ భాషలో ఎలా చెప్తారు?' అని అడిగితే ఎవరైనా ఏం చేస్తారు? చేతికిచ్చిన అచ్చులోనే పిండి నొక్కుతారు. హిందీ మర్యాద గల భాష, ఇంటి మాట మోటు అనుకునేవాళ్ళయితే మరీను.

ఇది అతనొక్కడి పొరపాటు కాదు. బ్రిటిష్ కాలపు అధికారి గ్రియర్సన్ భారతీయ భాషల సర్వే కోసం దేశం నలుమూలల నుంచీ తెప్పించిన నమూనాల్లో ముఖ్యమైనది బైబిల్లోని తప్పిపోయిన కొడుకు కథకి అనువాదమే. కథ మొదట్లోనే చిన్నకొడుకు తండ్రిని 'ఆస్తిలో నాకు వచ్చే భాగం' ఇమ్మంటాడు. అదీ సంబంధ ఉపవాక్యమే. ఏ భాష నమూనాలోనైనా ఆ చోట జో–వో కనిపిస్తే, అది ఆ ఊరి మాటా, అనువదించిన గుమాస్తా చదువా అని ఒకసారి ఆగి అడగాల్సిందే.

చేసి చూసినవి, బెడిసినవి

అతనికి మొదట తట్టింది ప్రశ్నలు తెలుగులో అడగడం. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మరాఠీ, దక్కనీ కుటుంబాలకి తెలుగు వచ్చు కదా అని. నేనూ సరే అన్నాను. అక్కడ కొంచెం ఆలోచించాల్సింది నేనే.

వారం తర్వాత నవ్వుకుంటూ వచ్చాడు. పట్టిక తలకిందులైంది. దక్కనీలో అంతా 'సో', మరాఠీలో అంతా 'లేలా' (మన 'ఇన' లాంటిదే), జో–తో ఎక్కడా లేదు. "చూశారా సార్, ద్రావిడ ప్రభావం!" పెనం మీంచి పొయ్యిలో పడ్డాం. మొన్న హిందీ వాక్యం హిందీ లాంటి జవాబు తెచ్చింది, ఇవాళ తెలుగు వాక్యం తెలుగు లాంటి జవాబు తెచ్చింది. పైగా బెంగాలీ కుటుంబానికి తెలుగు రాదు. వాళ్ళకి హిందీ ప్రశ్నలే మిగిలాయి. నాలుగు గడుల్ని రెండు వేరు తూకాలతో తూచి పోల్చడం మొదటి పట్టిక కంటే అన్యాయం.

తర్వాతది, వాక్యం మనమే చెప్పి 'ఇలా అంటారా?' అని అడగడం. భాషాశాస్త్రంలో ఇది మామూలు పద్ధతి. ఇంటి భాష గురించి బెరుకు లేనిచోట బాగానే పనిచేస్తుంది. దక్కనీ విషయంలో ఆ బెరుకు బోలెడు. బిస్కెట్లు పెట్టిన పెద్దావిడనే అడిగాడు, 'లాయే సో చీజ్' అంటారా అని. ఆవిడ కాదంది. అలా అనేది చదువు లేనివాళ్ళట. అతను మళ్ళీ అడిగాడు. ఆవిడకి విసుగొచ్చింది: "మైఁ బోలీ సో బాత్ ఆప్ సునే నై క్యా?" నేను చెప్పిన మాట మీరు వినలేదా? అననని చెప్పడానికి కూడా ఆ వాక్యమే కావాల్సి వచ్చింది.

ఆవిడ అబద్ధం ఆడలేదు. తను ఏమంటుందో మనిషికి చెవినపడదు, ఏమనాలో మాత్రం తెలుసు. ఈ రెంటినీ కలిపి ఒకే గడిలో వెయ్యకూడదన్నది అతనికి ఆ రోజు తలకెక్కింది. నేను నెలరోజులుగా చెప్తున్నా ఎక్కనిది.

మూడో ప్రయత్నం సామెతలు. ఎవరూ అనువదించినవి కావు కాబట్టి కల్తీ ఉండదని అతని వాదన. సరదా సరుకైతే చాలా దొరికింది. హిందీలో 'జిస్‌కీ లాఠీ, ఉస్‌కీ భైంస్'. బెంగాలీలో 'జోర్ జార్, ములుక్ తార్', బలం ఎవరిదో రాజ్యం వాళ్ళది. మరాఠీలో 'జ్యాచ్యా హాతీ ససా, తో పారధీ', ఎవరి చేతిలో కుందేలు ఉంటే వాడే వేటగాడు. అన్నీ జంట వాక్యాలే. మనదేమో 'కర్ర ఉన్నోడిదే బర్రె', ఒకే ముక్క. అదే లాఠీ, అదే గేదె, కట్టిన ముడి వేరు.

కానీ సామెత గడ్డకట్టిన మాట. వందల ఏళ్ళ నాటి వాక్యాన్ని అలాగే మోసుకొస్తుంది. పైగా జో–వో జంట సాధారణ సూత్రాలు చెప్పడానికి అచ్చంగా సరిపోతుంది. కనుక సామెతల్లో అది ఎక్కువగా ఉందంటే సామెతల స్వభావం తెలుస్తుంది గానీ వంటింట్లో మాట తెలియదు. అంతెందుకు, మన 'ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారు'లో 'తీసిన' ఒక పద్ధతి, 'ఎవరు… వాళ్ళే' ఇంకో పద్ధతి, రెండూ ఒకే వాక్యంలో. ఆ సామెతలు అనుబంధంలో పెట్టించాను.

పనిచేసింది

ఇక్కడ నేను ప్రశ్నని తిరగేశాను. ఉపవాక్యం ఎలా చెప్తారని కాదు, అసలు మనిషికి ఉపవాక్యం ఎప్పుడు అవసరపడుతుంది? నామవాచకం ఒక్కటీ చాలనప్పుడు. 'గ్లాసు' అంటే ఏ గ్లాసో తేలనప్పుడు. అయితే వాక్యం ఇవ్వొద్దు, ఆ అవసరాన్ని ఇద్దాం.

ఇద్దరు కూర్చోవాలి, ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే భాష. ముందు బల్ల మీద ఆరు గ్లాసులు. ఇద్దరూ చూస్తుండగా ఒకటి కింద పడుతుంది, ఒకదాంట్లో అతను నీళ్ళు తాగుతాడు, ఒకటి కడిగి పెడతారు, ఒకటి పక్కింటి నుంచి వస్తుంది. తర్వాత ఒకరికి ఒక గ్లాసు రహస్యంగా చూపిస్తాం. వాళ్ళు వేలు చూపించకుండా రెండోవాళ్ళ చేత అదే తీయించాలి.

మొదటి రోజు ఇదీ పాడైంది. అతను తెచ్చిన గ్లాసులు ఆరు రంగులవి! నాలుగు భాషల్లోనూ వచ్చిన జవాబు ఎర్రది, పచ్చది. హిందీలో 'లాల్‌వాలా' అన్న ఒక్క మాటతో ఆట అయిపోయింది. మర్నాడు ఒకే సైజు స్టీలు గ్లాసులు కొన్నాడు. ఇక వాటిమధ్య తేడా జరిగిన సంగతిలోనే ఉంది, కంటికి కనిపించేదేమీ లేదు.

అప్పుడు భాషలు విడిపోయాయి.

పడిపోయిన గ్లాసుకి దక్కనీలో తడుముకోకుండా 'గిరా సో గిలాస్'. హిందీలో 'గిరా హుఆ గిలాస్' వచ్చింది, 'వో దేనా, జో గిరా థా' కూడా వచ్చింది. జో వాక్యం ముందు కాదు, చివర. అతని అరవై ప్రశ్నల్లో జో ఎప్పుడూ ముందే ఉండేది. ఇది చిన్న తేడా కాదు. ముందు వచ్చే జో వాక్యంలో నామవాచకాన్ని రెండుసార్లు చెప్పొచ్చు: 'జో లడ్కీ ఖడీ హై, వో లడ్కీ లంబీ హై'. చివర వస్తే అలా కుదరదు. ఈ తేడాని భాషాశాస్త్రవేత్త వినీతా శ్రీవాస్తవ్ 1991లోనే వివరంగా చూపించారు. పట్టికలో రెండింటికీ కలిపి ఒకే 'ఉంది' పెట్టడంతో అదంతా ఎగిరిపోయింది.

బెంగాలీలో 'జేటా పోడే గేఛిలో, షేటా'. ఆ 'టా'ని అతను మొదట బహువచనం అనుకున్నాడు, తర్వాత 'ఒకటి' అనుకున్నాడు. అది లెక్కపెట్టేటప్పుడు వచ్చే ప్రత్యయం, అదే 'ఫలానాది' అన్న పనీ చేస్తుంది. 'తిన్‌టే బొయి' అంటే ఏవో మూడు పుస్తకాలు, 'బొయి తిన్‌టే' అంటే మనకి తెలిసిన ఆ మూడు పుస్తకాలు. నామవాచకాన్ని ముందుకు జరిపితే చాలు. గ్లాసు అన్న మాటే రాని చోట కూడా 'టా' పోలేదు, జే వెనకా షే వెనకా అంటుకుని ఉంది. నామబంధం (నామవాచకమూ దానికి తగులుకునే మాటలూ) ఒక అధ్యాయం, ఉపవాక్యం ఇంకో అధ్యాయం అని అతను గీసుకున్న గీత ఇక్కడ చెరిగింది. 'ఏది?' అన్న ప్రశ్నకి జవాబు ఏ భాషలో ఎక్కడ తగులుకుంటుందో చూడాలంటే రెండూ కలిపే చూడాలి.

నీళ్ళు తాగిన గ్లాసు దగ్గర ఇంకో తేడా. దక్కనీలో 'పానీ పీయే సో గిలాస్' చక్కగా నడిచింది. హిందీలో 'జిస్‌మే పానీ పియా' అని జో కుటుంబాన్ని పిలవాల్సి వచ్చింది. మనం 'నేను రాసిన పెన్ను', 'మనం భోంచేసిన హోటల్' అని దేన్నైనా 'ఇన'తో లాగేస్తాం. హిందీ 'హుఆ'కి అంత చొరవ లేదు.

మనుషులతో ఆడించినప్పుడు ఇది ఇంకా తేటపడింది. ముగ్గురు పిల్లలు, ఒకడు రొట్టె తిన్నాడు. మరాఠీలో 'భాకరీ ఖాల్లేలా ముల్‌గా', అమ్మాయైతే 'ఖాల్లేలీ ముల్‌గీ'. దక్కనీలో 'రోటీ ఖాయా సో పొట్టా'. హిందీలో 'ఖాయీ హుఈ రోటీ' బాగానే ఉంటుంది గానీ, తిన్న పిల్లాడి గురించి చెప్పాలంటే 'జిస్‌నే రోటీ ఖాయీ'. బెంగాలీలో 'జే ఛేలేటా రుటి ఖేయేఛే'.

ఇక్కడ అతను మంచి ఊహే చేశాడు. హిందీలో తినడం లాంటి సకర్మక క్రియలకి భూతకాలంలో కర్తకి 'నే' తగులుతుంది, క్రియ రూపం కర్మ వెంట పోతుంది. దక్కనీ ఆ 'నే'ని వదిలేసింది. అందుకే దక్కనీలో కర్తని సులువుగా ఎత్తి చూపించొచ్చేమో అని. వినడానికి బాగుంది. కానీ మరాఠీ ఒప్పుకోదు. అక్కడ 'ములానే భాకరీ ఖాల్లీ' అని 'నే' నిక్షేపంగా ఉంది, క్రియ రొట్టె వెంటే పోయింది, అయినా 'ఖాల్లేలా ముల్‌గా' కుదిరింది. ఊహని రెండు రోజుల్లో వదిలేశాడు. ఆ వదిలేసిన సంగతిని థీసిస్‌లో రాయమన్నాను. రాశాడు. హిందీలో 'పఢా-లిఖా ఆద్మీ' ఉంది కదా, చదివిన మనిషే కదా అని ఒక రాత్రి ఫోన్ చేశాడు కూడా. అది ముద్దగా అతుక్కుపోయిన మాట. దాన్ని చూపించి 'కితాబ్ పఢా హుఆ ఆద్మీ' కట్టలేం.

పట్టికలో అసలు లేని ఒక నిలువు గడి కూడా పుట్టింది. 'నేను కొన్న పుస్తకం'లో ఆ 'నేను' ఏ రూపంలో ఉంటుంది? హిందీలో 'మేరీ ఖరీదీ హుఈ కితాబ్'. బెంగాలీలో 'ఆమార్ కేనా బొయిటా'. రెండిట్లోనూ 'నా కొన్న పుస్తకం'! మరాఠీలో మాత్రం 'మీ ఘేత్‌లేలఁ పుస్తక్', ఆ 'మీ' అంటే నేను. దక్కనీలోనూ 'మైఁ'. జో–వో వరసలో ఒకేలా కనిపించిన నలుగురు అక్కచెల్లెళ్ళు ఈ ఒక్క ప్రశ్నకి ఇద్దరిద్దరుగా విడిపోయారు.

ద్రావిడ ప్రభావం అనేముందు

ఇక్కడితో ఆపితే అతని రెండో వారం నవ్వే నిజమయ్యేది: మనకి దగ్గరున్న భాషలు మనలా, దూరమున్నవి హిందీలా. దక్కనీ వరకు ఆ మాటకి బలముంది. కానీ మనలా ఉంది కాబట్టి మన దగ్గర తీసుకుందనడానికి వీల్లేదు. అతని హాస్టల్లోనే ఉన్న నేపాలీ విద్యార్థితో ఆ గ్లాసుల ఆటే ఆడించమన్నాను. 'మైలే కినేకో కితాబ్', నేను కొన్న పుస్తకం, పదానికి పదం సరిపోయింది. నేపాల్లో తెలుగు ఎవరు నేర్పారు? సింహళంలో 'మమ కియవపు పొత', నేను చదివిన పుస్తకం. సింహళానికి తమిళం పొరుగు. నేపాలీకి పొరుగు టిబెటో-బర్మన్ భాషలు. ఒకే ఇంటికి రెండు దారులు ఉండొచ్చు. (ఆ 'పొత' మన 'పొత్తం'కి చుట్టమే. సింహళంలో ఒక పుస్తకం 'పొత', చాలా పుస్తకాలు 'పొత్'. బహువచనానికి మాట పొట్టిదవుతుంది!)

దక్కనీ కూడా తెలుగుని మక్కీకి మక్కీ దించలేదు. 'నేను చెప్తున్న మాట విను'లో మన 'చెప్తున్న' ఎవరు చెప్తున్నారో చెప్పదు. నేనైనా నువ్వైనా అదే రూపం. దక్కనీలో 'మైఁ బోల్‌రౌఁ సో బాత్ సున్'. ఆ 'రౌఁ'లో 'నేను' ఉంది. పూర్తి క్రియ అలాగే ఉండి, దాని వెనక 'సో' చేరింది. ఆ 'సో' ఎక్కడిదో కాదు, పాత జంటలోని రెండో మనిషే. హిందీలోనూ 'జో హోగా సో దేఖా జాయేగా'లో మిగిలే ఉంది. జో ఎటో పోయి, సో మాత్రం ముందు వాక్యానికి తోకై నిలిచినట్టు నాకు కనిపిస్తుంది. చోటు మనలాంటిది, సరుకు వాళ్ళ అమ్మమ్మది.

పట్టిక ఇప్పుడు

'ఉంది', 'లేదు' అన్న మాటలు తీయించేశాను. ఒక భాషలో ఒక వాక్యం సాధ్యమా అన్నది ఒక ప్రశ్న, అవసరం పడినప్పుడు నోట్లోకి మొదట వచ్చేదేమిటన్నది ఇంకో ప్రశ్న. ప్రతి ఉదాహరణ పక్కనా అది ఎలా వచ్చిందో రాయాలి: హిందీ ప్రశ్నకి జవాబా, తెలుగు ప్రశ్నకా, ఆటలోనా, మామూలు మాటల్లోనా. అరవై హిందీ ప్రశ్నల జవాబులూ పారెయ్యలేదు. ఒత్తిడి పెడితే ఏ భాష ఎంత వంగుతుందో అవి చెప్తాయి.

ఒక్క పని మిగిలింది. టీ మాటలు వాడుకుంటామని అతను ఎవరికీ ముందు చెప్పలేదు. అందుకని మళ్ళీ ప్రతి ఇంటికీ పంపించాను, ఆ ముక్కలు వినిపించి, అడిగి రమ్మని. పెద్దావిడ తన గొంతు విని చాలాసేపు నవ్విందట. వాడుకోమంది.

దక్కనీ అధ్యాయంలో మొదటి ఉదాహరణ ఇప్పుడు బిస్కెట్ల వాక్యమే. దాని పక్కన 'అడిగిన ప్రశ్న' అన్న గడిలో అతను ఇలా రాశాడు: ఏమీ లేదు, టీ ఇస్తూ అన్న మాట.